చలికాలంలో ఇచ్చేసిన స్వెటర్

ఈ సంగతి నేను ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, యాభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఆస్పత్రి హాజరు పుస్తకంలో ఇరవై ఆరేళ్ళు వేలిముద్రే వేశాను. రెండోది, అక్షరాలు వచ్చాక కూడా ఇది నా ఒక్కదాని సంగతి కాదు కనక, ఇంకొకరు సరే అనాలి. ఆ మాట ఈ మధ్యే వచ్చింది, పేర్లు రాయొద్దన్న షరతు మీద. అందుకని ఇందులో ఎవరికీ పేరు ఉండదు. నాకు కూడా.

అరకు దాటి కొండల్లోకి వెళ్తే ఒక చిన్న మిషన్ ఆస్పత్రి ఉంది. నేను అక్కడ ఆయాగా పనిచేశాను. నేల తుడవడం, దుప్పట్లు ఉతకడం, వేడినీళ్ళు కాచడం, కాన్పుల గదిలో బేసిన్ పట్టుకుని నిలబడటం నా పని. మా ఇంట్లో మాట్లాడేది కొండ భాష. తెలుగు నేను ఆస్పత్రిలోనే నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు సగం డెట్టాల్ వాసన వేస్తుందని మా వంటావిడ వెక్కిరించేది.

ఇవి కాక నాకు ఇంకో పని ఉండేది. దాని గురించి కాస్త చెప్పాలి.

ఆస్పత్రి పక్కనే రేకుల కప్పు చర్చి. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన. రోగులు గానీ, వాళ్ళ కూడా వచ్చినవాళ్ళు గానీ, మా పనివాళ్ళు గానీ, ఎవరికి ఏ బాధ ఉంటే అది చీటీ మీద రాసి ఇచ్చేవారు. పాస్టర్ గారు శుక్రవారం ఆ చీటీలు విప్పి, పేరు పలక్కుండా ఒక్కొక్కదాని కోసం ప్రార్థన చేసేవారు. వారమంతా మంచం మంచం తిరిగి ఆ చీటీలు గుడ్డసంచిలో పోగుచేసేది నేను. ఆ పని నాకే ఎందుకు వచ్చిందంటే, నాకు చదువు రాదు కనక. నాకిస్తే వాళ్ళ సంగతి ఎవరికీ తెలీదని అందరికీ ధైర్యం. మొగుడి తాగుడు, కొడుకు మీద కేసు, కడుపులో గడ్డ, అన్నీ నా సంచిలోనే ఉండేవి, నాకు ఒక్కటీ తెలిసేది కాదు. చదువు రాకపోవడం ఒక అర్హత అయిన ఉద్యోగం నా ఒక్కదానిదే అనుకుంటాను. ఆ సంచి భుజాన వేసుకుంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ ఏడాది మా ఆస్పత్రికి ఒక కొత్త నర్సు వచ్చింది. విజయనగరం వైపు పల్లె. చదువు పూర్తయి రెండేళ్ళు కూడా కాలేదు. వచ్చిన మొదటి వారమే చలికి పళ్ళు టకటకలాడించుకుంటూ తిరిగితే, వాళ్ళమ్మ మెరూన్ రంగు ఊలుతో స్వెటర్ అల్లి రైల్లో ఎవరికో ఇచ్చి పంపింది. పిల్లలకి సూది వేసేముందు ఆ స్వెటర్ చేతులు ముందుకు లాగి ఏనుగు తొండంలా ఊపేది. పిల్లలు నవ్వే లోపల సూది అయిపోయేది. నన్ను పిన్నీ అనేది. నేను సిస్టరమ్మా, మీరు అనేదాన్ని. వయసులో నా కూతురి కన్నా చిన్నదైనా ఉద్యోగంలో పెద్దది కదా.

వలిసె నూనెగింజల చేలు పూతకి వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక ఆమెని నొప్పులతో తీసుకొచ్చారు. ఘాట్ రోడ్డు మీద బండలు జారి జీపు చాలాసేపు ఆగిపోయింది. మా పెద్ద డాక్టరమ్మ ఆ రోజు పట్నంలో ఉంది. గదిలో ఆ నర్సమ్మా, బేసిన్ పట్టుకుని నేనూ. బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. ఆ పిల్ల ఎంతసేపు వాడికి ఊపిరి అందించిందో నాకు తెలుసు. బేసిన్ పట్టుకున్న నా చేతులు లాగేశాయి గానీ ఆమె చేతులు ఆగలేదు. చివరికి నేనే, "ఇంక చాలు సిస్టరమ్మా" అన్నాను.

బయట బిడ్డ నాయనమ్మ ఉంది. ఆవిడ తిట్టలేదు, గోల చెయ్యలేదు. "డాక్టరమ్మ ఉండుంటే బతుకును" అని ఒక్క మాట అని, గుడ్డలో చుట్టిన బిడ్డని తీసుకుంది.

ఆ మాట ఆవిడ దుఃఖంలో అంది. కానీ అది ఆ పిల్ల లోపలికి వెళ్ళి కూర్చుంది.

ఆస్పత్రి వాళ్ళం మాకో అలవాటుంది. పోయినవాళ్ళ గురించి మాట్లాడుకోం, నేల కడుగుతాం. ఆ రోజు కూడా నేను నేల కడిగాను. పెద్ద నర్సు, "మొదట్లో ఇలాగే ఉంటుంది, అలవాటు పడుతుందిలే" అంది. అందరం సరే అనుకున్నాం. ఆ పిల్ల ఏనుగు తొండం మానేసింది. అన్నం సగంలో చెయ్యి కడిగేసేది. డ్యూటీ అయ్యాక గదిలోంచి బయటికి వచ్చేది కాదు. మేమంతా చూశాం. ఎవరం అడగలేదు.

మూడు వారాలు గడిచాక ఒక మంగళవారం ఆమె మొహం తేటపడింది. నన్ను పిలిచి నవ్వింది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ప్రభువు నా ప్రార్థన విన్నాడనుకున్నాను. ఆమె ఆ స్వెటర్ మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"నీ కోటు చిరిగిపోయింది కదా పిన్నీ, ఇది ఉంచు. ఎవరికీ చెప్పకు, అందరూ అడుగుతారు."

"అయ్యో, మీ అమ్మ అల్లింది కదమ్మా?"

"నాకింక చలి అలవాటైపోయిందిలే."

దాంతో పాటు ఒక చీటీ ఇచ్చింది. మామూలు చీటీలు నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. ఇది చిన్నగా మడిచి, చుట్టూ గాయాలకి వేసే తెల్ల ప్లాస్టర్ అంటించి ఉంది.

"శుక్రవారం ప్రార్థనలోనే తియ్యాలి పిన్నీ. ముందు తియ్యకు."

"నాకు చదువొస్తే కదా మీకు భయం!" అని నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తే ఒళ్ళు చల్లబడుతుంది.

అక్షరాలు రాకపోయినా మనుషుల్ని చదవగలనని నాకో గొప్ప ఉండేది. ఆ మంగళవారం నేను ఆ చీటీనీ చదవలేదు, ఆ మొహాన్నీ చదవలేదు.

గురువారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. స్వెటర్ చీర కింద తొడుక్కుని వేడినీళ్ళ కోసం వంటగదికి వెళ్ళాను. వాచ్‌మన్ గుమ్మంలో గొంతుక్కూర్చుని టీ తాగుతున్నాడు. వంటావిడ ఎసట్లో బియ్యం పోస్తూ నా మెడ దగ్గర మెరూన్ రంగు చూసేసింది.

"ఏటి వదినా, కొత్త కోటు! పెళ్ళిసూపులా ఏటి?"

దాచుకోలేక చెప్పేశాను. "సిస్టరమ్మ ఇచ్చింది. ఎవరికీ చెప్పొద్దంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మొహం కొంచెం ముడుచుకుంది కూడా. "నీకూ ఇచ్చినాదా? నాకు దాని క్యారేజీ ఇచ్చీసినాది. ఎవులికీ సెప్పొద్దని నాకూ సెప్పినాది. నాకొక్కదానికే ఇచ్చినాదనుకున్నాను."

గుమ్మంలో వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు గొడుగిచ్చినాది" అన్నాడు మెల్లిగా. "ఎల్లిపోతాది గావాల. సెలవు పెట్టినాదా?"

"సెలవెక్కడ? రేపటి డ్యూటీకి పెద్ద నర్సు ఆమె పేరే చెప్పింది" అన్నాను.

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎవరికి వారం ఏదో ప్రత్యేకం దక్కిందని మురిసిపోయి, పక్కవాళ్ళు కుళ్ళుకుంటారని దాచుకున్నాం. ఒక్కరమైనా నోరు విప్పి ఉంటే మంగళవారమే తెలిసేది. ఎసరు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఎవరూ కదల్లేదు.

మా కొండల్లో చలికాలం మొదట్లో స్వెటర్ ఎవరు ఇచ్చేస్తారు? ఇంక చలి తగలదు అనుకున్నవాళ్ళే.

భుజానున్న సంచిలో చెయ్యి పెట్టి ఆ ప్లాస్టర్ చీటీ తీశాను. ఇన్నేళ్ళలో ఒక్క చీటీ కూడా నేను ఎవరికీ చూపించలేదు. అది నా మర్యాద. ఆ మర్యాద ఆ పూట వదిలేశాను. వాచ్‌మన్‌ని, "నువ్వు గదికి పరిగెత్తు, ఉందో లేదో చూడు" అని పంపాను. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. వంటావిడ ఐదో తరగతి దాకా చదివింది. ఆమె చేతిలో పెట్టి, "చదువు" అన్నాను.

"ఒలమ్మో, పార్థన సీటీ వదినా! విప్పితే పాపం!"

"పాపం నాది. చదువు."

ప్లాస్టర్ రాలేదు. పళ్ళతో లాగింది. కాగితం పొయ్యి వెలుతురు వైపు పట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆమె పెదాల వంక చూస్తూ నిలబడ్డాను నేను. జీవితంలో అంత నెమ్మదైన చదువు నేను వినలేదు.

"అ... మ్మా... న... న్ను..." తరవాతి అక్షరం ఆమెకి తెలియలేదు. వేలు అక్కడే ఆగిపోయింది. "ఇదేటో పెద్ద అచ్చరం వదినా, నాకు రాదు."

"దాన్ని వదిలెయ్, ముందుకి పో!"

"...మించు. పా... స్టర్... గారూ... దే... వుడు... నన్ను... సే... చేర్చు... కుంటా... డా... అని... శు... క్ర... వా... రం... అడ... గండి."

కాగితం కిందకి దించింది. "ఇంక సదవక్కర్లేదు వదినా" అంది.

వాచ్‌మన్ రొప్పుకుంటూ వచ్చాడు. గది ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది. సిగ్నల్ బండ వైపు వెళ్తుంటే దోబీ చూశాడట.

ఆస్పత్రి వెనక కాఫీ తోట దాటితే ఒక పెద్ద బండ ఉంటుంది. మా దగ్గర ఫోను పలికేది అక్కడే. ఇంటికి మాట్లాడాలంటే అందరం అక్కడికే వెళ్తాం. వంటావిడ చేతిలోంచి కాగితం లాక్కుని నేను పరిగెత్తాను. మంచులో ముందు చెట్టు కనపడటం లేదు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. నాకు నూరు పాటలొచ్చు, ఎన్నో వాక్యాలు కంఠతా వచ్చు. ఆ దారిలో ఒక్కటీ నోటికి రాలేదు. ప్రభువా, ప్రభువా అన్న ఒక్క మాటే వచ్చింది.

బండ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను. చలికి ఒళ్ళంతా దగ్గరికి లాక్కుని ఉంది. నేను గబుక్కున వెళ్ళలేదు. పక్కకి వెళ్ళి, వినపడేలా దగ్గి, "సిస్టరమ్మా, పొద్దున్న ఏమైనా తిన్నారా?" అన్నాను. వెర్రి ప్రశ్నే, కానీ నోటికి అదే వచ్చింది.

ఆమె నా చేతిలో కాగితం చూసింది. "శుక్రవారం ఇమ్మన్నాను కదా పిన్నీ" అంది. "ఇవాళ గురువారమే కదా."

"గురువారమే. నాకు చదువు రాదమ్మా. కానీ ఈ చలిలో స్వెటర్ ఎవరు ఇచ్చేస్తారో తెలుసు."

స్వెటర్ విప్పి ఆమె భుజాల మీద కప్పాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అప్పటిదాకా మీరు అన్న నోరు తనంతట తనే మారిపోయింది.

"చచ్చిపోదామనుకున్నావా అమ్మా?"

స్వెటర్ అంచు దగ్గరికి లాక్కుంది. తరవాత, "ఊఁ" అంది. అన్నాక ఏడుపు వచ్చింది. మూడు వారాల ఏడుపు అంతా వచ్చింది. నేను ఊరుకో అనలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఆస్పత్రుల్లో కొత్తగా చేరే పిల్లలకి ఒక మాట. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి. అడగండి. అలాగే పేరు పెట్టి అడగండి. నేను ఎందుకు అడగగలిగానంటే, నా చిన్నప్పుడు మా అక్కని ఎవరూ అడగలేదు. తనంతట తనే ప్రాణం తీసుకుని పోయాక కూడా మా ఊళ్ళో పెద్దలు ఆమెని సమాధుల కంచె లోపల పెట్టనివ్వలేదు. కంచె బయట మట్టి నేను నా చేతులతో వేశాను. ఆ రోజు నుంచి దేవుణ్ణి ఒకటే అడుగుతూ వచ్చాను, ఆ కంచె నువ్వు కట్టిందేనా అని.

ఆ సంగతి ఆ పిల్లకి చెప్పాను. అంతా విని, "మరి దేవుడు ఏమన్నాడు పిన్నీ?" అంది.

"పైనుంచి మాటేమీ వినపళ్ళేదమ్మా. కానీ చర్చిలో ఒక కథ విన్నాను. రాణి చంపేస్తానంటే భయపడి అడవిలోకి పారిపోయిన ప్రవక్త ఒకాయన ఉన్నాడు. చెట్టు కింద కూలబడి, ఇంక చాలు, నన్ను తీసేసుకో అన్నాడు. అంత పెద్ద భక్తుడు. దేవుడేం చేశాడో తెలుసా? తిట్టలేదు. విశ్వాసం లేదా నీకు అనలేదు. ఆయన్ని నిద్రపోనిచ్చాడు. దూతతో నిప్పుల మీద రొట్టె కాల్పించి, పక్కన నీళ్ళు పెట్టించి, లేచి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టించాడు. నువ్వు నడవాల్సింది ఇంకా ఉంది, తినకపోతే ఎలా అని."

"అంతేనా?"

"ముందు అంతే. మిగతా మాటలు తరవాత మాట్లాడుకున్నారు. నాకు తెలిసిన దేవుడు ఆయనేనమ్మా. చచ్చిపోతానన్నవాడికి రొట్టె కాల్చి పెట్టినవాడు. నిన్ను చేర్చుకుంటాడా అని అడిగావే, నువ్వు బతికుండగానే చేర్చుకున్నాడు. చేర్చుకోకపోతే నన్నెందుకు చెప్పు లేకుండా పరిగెత్తిస్తాడు?"

"ఆ బిడ్డ పిన్నీ..."

"నేను చూశాను కదా. బేసిన్ పట్టుకున్నది నేనే. నువ్వు ఆపలేదు. నేను ఆపమన్నాను."

దూత అంటే తెల్ల బట్టలు అనుకునేదాన్ని. ఆ రోజు మంచులోంచి నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో పెద్ద అన్నం గరిటెతో మా వంటావిడ వచ్చింది. ఏడుస్తూనే కసురుతోంది.

"ఏటే గుంటా, నీ క్యారేజీ నాకెందుకే! నాకు లేదేటి? ఇదిగో, నీ క్యారేజీలోనే సోడి అంబలి పట్టుకొచ్చాను, బేగి తాగు, సల్లారిపోతాది."

"గరిటె ఎందుకు తెచ్చావు?" అన్నాను నేను.

ఆమె గరిటె వైపు కొత్తగా చూసింది. "ఏమో వదినా. సేతిలో ఉండిపోనాది."

ఆ పిల్ల నవ్వలేదు. కానీ తలెత్తి ఆ గరిటె వైపు చూసింది. రెండు గుక్కలు ఆ రాగి అంబలి తాగింది. ఇంకో రెండు తాగింది. మంచు విడి, కింద లోయలో వలిసె చేలు పసుప్పచ్చగా బయటపడేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. తరవాత ఆమెని మధ్యలో నడిపించుకుని కిందకి దిగాం.

పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ గదిలోంచి వచ్చి అంతా విన్నది. నేను భయపడుతూ నిలబడ్డాను, చీటీ విప్పించినందుకు. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆ పిల్లని ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టించి, స్టూలు లాక్కుని కూర్చుంది. తన చేతుల్లో పోయిన ఒక పాప గురించి చెప్పింది. చాలా ఏళ్ళ కిందటి సంగతి. "ఆ పాప బరువు ఇంకా నా చేతుల్లో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నీకు ఒంటరిగా ఉండేది కాదేమో" అంది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తరవాత మా అందరికీ గట్టిగా చెప్పింది. ఇది జ్వరం లాంటిదే, దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. పట్నంలో మనసు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తుంది. అప్పటిదాకా పక్కన ఎవరో ఒకరు ఉండాలి, వంతులు వేసుకోండి. ప్రార్థన చెయ్యండి, మందులూ వేయించండి, ఒకటి చేశామని ఇంకోటి మానొద్దు. ఆ పిల్ల సరే అన్నాక వాళ్ళమ్మకి కూడా తనే ఫోను చేసింది. ఆవిడ మర్నాటి రైలుకి బయల్దేరుతానంది.

ఇది చదివే మీలో ఎవరైనా ఆ బండ మీద కూర్చున్నట్టు ఉంటే, మీ కోసం కూడా ఒకటే మాట. మంచు ఉన్నప్పుడు లోయ లేదనిపిస్తుంది. ఉంటుంది. ఒక్కళ్ళకి చెప్పండి. చీటీ మీద రాసి, ప్లాస్టర్ వేసి కాదు, నోటితో చెప్పండి. వినేవాళ్ళకి చదువు రాకపోయినా ఫరవాలేదు.

ఆ రోజంతా పనులు చేస్తూనే ఉన్నాను గానీ నా కళ్ళ ముందు వంటావిడ వేలు ఆగిపోయిన చోటే కనిపించింది. ఆ పెద్ద అక్షరం ఏమిటో నాకు తెలియదు. మంగళవారం నుంచి గురువారం దాకా ఒక మనిషి ప్రాణం నా భుజాన వేలాడుతుంటే, నేను గర్వంగా మోసుకు తిరిగాను.

మర్నాడు శుక్రవారం. ఉపవాసం. నేను ఉపవాసం చెయ్యలేదు. పొద్దున్నే వంటావిడ దగ్గర రెండు గ్లాసుల టీ, నాలుగు రొట్టెలు తీసుకుని, చర్చి గోడకున్న కేలండర్ మేకు మీంచి తీసి చంకలో పెట్టుకుని వార్డుకి వెళ్ళాను. ఆ పిల్ల మేలుకునే ఉంది. స్వెటర్ వేసుకుంది. నేను ఒక రొట్టె తిని, ఆమె ఒకటి తినేదాకా కూర్చున్నాను. తరవాత కేలండర్ ఆమె ఒళ్ళో పెట్టి, మంచం పక్కనున్న ఆమె పెన్నే తీసి ఆమె చేతికిచ్చాను.

"నాకు అక్షరాలు నేర్పమ్మా. ఈ శుక్రవారం గడిలో ఒకటి రాయి."

"ఇంత చిన్న గడిలోనా పిన్నీ? కాగితం తే, వరసగా అన్నీ రాసిస్తాను."

"అన్నీ వద్దు. నా బుర్రలో పట్టవు. రోజుకి ఒకటి చాలు."

ఆమె పెన్ను మూత తీస్తూ నా వంక చూసింది. నేను ఏం చేస్తున్నానో ఆమెకి అర్థమైందని నాకు తెలుసు. నాకు నిజంగానే నేర్చుకోవాలనుందని కూడా ఆమెకి తెలుసు. శుక్రవారం గడిలో అ రాసింది. కింద నేనూ రాశాను. నాది నత్తగుల్లలా వచ్చింది.

"తోక ఇటు తిప్పాలి" అని నా వేళ్ళు పట్టుకుని మళ్ళీ రాయించింది.

నేను పక్కనున్న ఖాళీ గడి మీద వేలు పెట్టాను. "మరి దీన్లో?"

"అది రేపటిది" అంది. "రేపు రాస్తాను."

కేలండర్ ఆమె మంచం పక్క మేకుకి తగిలించి, బకెట్టు తీసుకుని వార్డు తుడవడానికి వెళ్ళాను.